మెతూసెలాకు దారి చూపకండి

సంపాదకులకు నమస్కారం.

కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. బాగుంది. కానీ మెతూసెలా చెట్టును కనిపెట్టే చిట్కాలంటూ వేసిన ఆ బాక్స్ లేకపోతే ఇంకా బాగుండేది. 4,800 ఏళ్లు దాటిన ఆ బ్రిసిల్‌కోన్ పైన్ ఏదో చెప్పే బోర్డు అక్కడెక్కడా ఉండదు. అటవీశాఖ కావాలనే పెట్టలేదు.

లాంగ్ వీకెండ్ వస్తే ఇక్కడి తెలుగువాళ్లం కూడా ఆ కొండెక్కుతుంటాం. ఈ చెట్లుండే షుల్‌మన్ గ్రోవ్ అనే తోపు పదివేల అడుగుల ఎత్తున ఉంది. మొదటిసారి చూసి మావారు "ఇదేనా అడవి?" అన్నారు. సున్నం చల్లినట్టు తెల్లటి డోలమైట్ రాళ్ల వాలు, చెట్టుకూ చెట్టుకూ మధ్య బోలెడు ఖాళీ. ఆ ఖాళీయే వాటికి రక్ష. సత్తువలేని ఆ నేలలో వేరే మొక్కలు పెద్దగా రావు. పిడుగుపడి ఒకటి అంటుకున్నా, మంట పాకడానికి గడ్డీగాదం ఉండదు. దగ్గరికెళ్తే చాలా చెట్లు ముప్పావు వంతు ఎండిన మొద్దులే. ఒక పక్క జానెడు బెరడు పట్టీ, దాని కొసన పచ్చటి ఆకులు. సూదుల్లాంటి ఆ ఆకులు 30, 40 ఏళ్లు రాలవు. ఏటేటా కొత్తవి వేసుకునే స్తోమత వాటికెక్కడిది!

ఆ రోజు నేనూ ఒక తప్పు చేశాను. నేలమీద పడున్న అరచేతంత చెక్కముక్కను, దేవుడి గూట్లో పెడదామని బ్యాగులో వేసుకున్నాను. కట్టెపుల్లే కదా అనుకున్నా. ఆ చలికి, పొడిగాలికి అక్కడ చచ్చిన కట్టె కూడా వేల ఏళ్లు పుచ్చదని తర్వాత తెలిసింది. చెట్టు మానులో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలున్నాయి కదా, బతికున్న చెట్ల వలయాలకు పాత కట్టెల వలయాలు కలుపుకుంటూ శాస్త్రవేత్తలు 8,000 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లగలిగారు. పురాతన వస్తువుల వయసు కట్టే రేడియోకార్బన్ లెక్కల్లో తేడాలు పట్టిచ్చినవీ ఈ వలయాలే. వెనక్కి నడిచి, ఎక్కడ తీశానో అక్కడే పెట్టొచ్చాను. మావారు కారు దగ్గర గొణుగుతూనే ఉన్నారు.

మెతూసెలా కోసం వెతికేవాళ్లు వంకర చెట్టు కనపడితే చాలు, దారి వదిలి "ఇదేనేమో" అంటూ సెల్ఫీకి దిగుతారు. వేళ్లేమో పైపైనే పాకి ఉంటాయి. అడుగు పడితే రాళ్లు జారి, ఉన్న కాస్త మట్టీ పోతుంది. పాలమూరు పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు కట్టి మందెక్కించిన ఫొటోలు పత్రికల్లో చూశాం. మర్రికైతే మళ్లీ ఊడలు దిగుతాయి. ఇవి అంగుళం లావెక్కడానికే వందేళ్లు పట్టే చెట్లు. నెవాడాలోని వీలర్ పీక్ దగ్గర 1964లో ఇంతే వయసున్న చెట్టును పరిశోధన కోసం, అదీ అటవీశాఖ అనుమతితోనే, నరికేశారు. వయసు తెలిసింది నరికాకే.

ఆన్‌లైన్ ప్రతిలోంచైనా ఆ బాక్స్ తీసేయండి. దాని బదులు అక్కడే ఉన్న డిస్కవరీ ట్రయల్ అనే కాలిబాట గురించి రాయండి. మైలు నడకే. మా అత్తగారు కూడా ఆగి ఆగి పూర్తిచేశారు. మంచినీళ్లు మాత్రం కిందినుంచే పట్టుకెళ్లమనండి, పైన దొరకవు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్