అరిసెల పిండి ఆరనివ్వకండి

సంపాదకుల వారికి,

సంక్రాంతి సెలవులకు భోగి ముందురోజు రాత్రి ఊళ్లో దిగి, తెల్లారేసరికి అరిసెలు కావాలంటే కుదరదు. బియ్యమే ఒక పగలూ రాత్రీ నానాలి. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చకపోతే పులుపు వాసన పడుతుంది. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, ప్రయాణం ఒకరోజు ముందుకు జరుపుకోవచ్చు (దొరికితే!).

నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే మర పట్టించి, జల్లించిన పిండిని అదిమి మూతపెట్టాలి. కొట్లో దొరికే పొడి పిండి ఇందుకు పనికిరాదు, అరిసె పగులుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. లేతపాకమైతే అరిసెలు నూనెలో విడిపోతాయి, ముదిరితే రాళ్లే. చలిమిడి కాస్త జారుగా ఉండగానే పిండి పోయడం ఆపాలి, చల్లారాక అదే బిగుస్తుంది.

పాకంలో పిండి పోసేవారు ఒకరు, ఆగకుండా తిప్పేవారు ఒకరు ఉండాలి. వేయించిన ప్రతి అరిసెనూ వేడిమీదే నొక్కి నూనె తీయాలి. ఇదంతా ఇంటి పెద్దావిడ ఒక్కరికే వదిలేయడం అన్యాయం. కోడిపందేల బరికి బయల్దేరే మగవాళ్లు ముందు ఆ తెడ్డు పట్టుకోవాలి.

– ఒక పాఠకురాలు, భీమవరం