డేకేర్ తెరవబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. డేకేర్ పెట్టాలన్న నీ నిర్ణయం నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. చిన్నపిల్లల దగ్గర నీకున్న ఓపిక నాకు తెలుసు. ఈ పనికి పెట్టుబడి కంటే ముందు కావలసింది అదే. అయితే తెలిసినవాళ్ళ పిల్లలు కొందరు సిద్ధంగా ఉన్నారనీ, లైసెన్సు చేతికి వచ్చేలోగా వాళ్ళతో మెల్లగా మొదలుపెడతాననీ రాశావు. అది మాత్రం వద్దు తల్లీ.

చాలా దేశాల్లో డబ్బు తీసుకుని ఇతరుల పిల్లలను చూసుకోవాలంటే ముందుగా నమోదు కావాలి. దగ్గరి బంధువుల పిల్లలైతేనో, రోజుకు కొద్ది గంటలైతేనో, ఒకరిద్దరు పిల్లలే అయితేనో కొన్నిచోట్ల మినహాయింపులు ఉంటాయి. అవి నీకు వర్తిస్తాయో లేదో చెప్పవలసింది లైసెన్సు ఇచ్చే కార్యాలయం. ఆ మాట కూడా రాతలో తీసుకో. అనుమతి లేకుండా నడుపుతున్నప్పుడు ఒక బిడ్డకు దెబ్బ తగిలితే బీమా కంపెనీ పరిహారం ఇవ్వననవచ్చు. తల్లిదండ్రులు నిన్ను నిలదీస్తే చూపించడానికి నీ చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. రేపు దరఖాస్తులో ఇంతకుముందు నడిపారా అని అడిగితే నువ్వు నిజమే చెప్పాలి. వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. మొదటి నెలలో పడిన అలవాట్లే కేంద్రానికి చివరిదాకా ఉంటాయి. లైసెన్సు లేని రోజుల్లో ఒక ఆయా ఏడుగురు పసివాళ్ళను చూసుకోగలిగితే, లైసెన్సు వచ్చాక కూడా యజమాని మనసులో ఆ ఏడే లెక్కగా ఉండిపోతుంది. లైసెన్సు కార్యాలయం తరఫున డేకేర్‌ల తనిఖీలకు తిరిగిన ఇన్నేళ్ళలో ఇది నేను మళ్ళీ మళ్ళీ చూశాను.

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో మూడో అధికరణం ఒకసారి చదువు. పిల్లల సంరక్షణ బాధ్యత తీసుకున్న సంస్థలు భద్రత, ఆరోగ్యం, సిబ్బంది సంఖ్య, వాళ్ళ యోగ్యత, వాళ్ళపై పర్యవేక్షణ విషయాల్లో అధికారులు నిర్ణయించిన ప్రమాణాలను పాటించేలా ప్రభుత్వాలు చూడాలని అందులో ఉంది. నువ్వు ఏ ప్రాంతపు నియమావళి తెరిచినా అధ్యాయాలు దాదాపు ఇవే. అంకెలు మాత్రం చోటును బట్టి మారతాయి, కాలాన్ని బట్టి కూడా మారతాయి. అందుకే స్నేహితురాలు ఇచ్చిన పాత ప్రతిని నమ్మకుండా, ఇప్పుడు అమలులో ఉన్నదాన్ని నేరుగా కార్యాలయం నుంచే తెచ్చుకో.

ఇక భవనం. అడ్వాన్సు ఇచ్చాక అనుమతుల కోసం తిరగడం ఈ రంగంలో అందరూ నష్టపోయే చోటు. అద్దె మొదటి నెల నుంచే నడుస్తుంది, అనుమతులు మాత్రం వాటి సమయానికే వస్తాయి. అందుకని ముందు ఆ స్థలంలో డేకేర్ నడపడానికి స్థానిక సంస్థ ఒప్పుకుంటుందో లేదో తెలుసుకో. నివాస ప్రాంతం, వాణిజ్య ప్రాంతం అన్న విభజన దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. తర్వాత ఈ పనికి ఇస్తున్నట్టు యజమాని రాసిన సమ్మతి, అగ్నిమాపక శాఖ పత్రం, నీళ్ళు, మరుగుదొడ్లు, వంటగది చూసే ఆరోగ్య శాఖ పత్రం. ఇవన్నీ చేరాకే చాలాచోట్ల లైసెన్సు దరఖాస్తు పూర్తయినట్టు లెక్క. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఒకసారి స్థలం చూసి సలహా ఇవ్వమని లైసెన్సు కార్యాలయాన్ని అడుగు. మేము ఆ పని ఇష్టంగానే చేసేవాళ్ళం. కట్టిన గోడను పగలగొట్టమని చెప్పడం మాకూ సంతోషం కాదు.

గది కొలిచేటప్పుడు పిల్లలు ఆడుకోగల నేలనే లెక్కపెట్టు. నడవాలు, మరుగుదొడ్లు, వంటగది, సామాను గది అందులోకి రావు. ఇంగ్లండు నియమాల్లో రెండేళ్ళలోపు బిడ్డకు 3.5 చదరపు మీటర్లు, రెండేళ్ళ బిడ్డకు 2.5, మూడు నుంచి ఐదేళ్ళవాళ్ళకు 2.3 ఉండాలి. ఆ లెక్కన 35 చదరపు మీటర్ల గదిలో పదిమంది పసివాళ్ళు పడతారు. కానీ చోటు ఉందని పదిమందినీ చేర్చుకోలేవు. దానికి వేరే లెక్క ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

తలుపుల గురించి మాత్రం ఇప్పుడే చెప్పాలి. 2009 జూన్ 5న మెక్సికోలోని ఎర్మోసియో నగరంలో ఒక డేకేర్‌లో మంటలు లేచి 49 మంది పిల్లలు చనిపోయారు. అది గోదామును మార్చి పెట్టిన కేంద్రం. మంట పక్కనున్న మరో గోదాములో పుట్టి ఇటు పాకింది. పిల్లలను బయటికి తేవడానికి పనికొచ్చే దారులు చాలినన్ని లేవు. బయటివాళ్ళు గోడలకు రంధ్రాలు కొట్టి పిల్లలను అందుకోవలసి వచ్చింది. ఆ తర్వాత 2011లో ఆ దేశం పిల్లల సంరక్షణ కేంద్రాలకు ప్రత్యేక చట్టం తెచ్చింది. నేను ఏ కేంద్రానికి వెళ్ళినా మొదట వెనుక తలుపు దగ్గరికే నడిచేదాన్ని. దానికి తాళం ఉందా, ముందు బీరువా అడ్డం పెట్టారా, అది బయటికి తెరుచుకుంటుందా, పక్క భవనంలో ఏం నిల్వ చేస్తున్నారు, ఇవే చూసేదాన్ని. నువ్వు కూడా స్థలం చూడటానికి వెళ్ళినప్పుడు రంగులూ బొమ్మలూ తర్వాత ఊహించుకో. నడక రాని పిల్లలను ఎత్తుకుని ఎంతమంది, ఎంతసేపట్లో, ఏ దారిన బయటపడగలరో అక్కడే నిలబడి లెక్క వేయి. పసివాళ్ళ గది నేల అంతస్తులోనే, బయటికి నేరుగా తలుపు ఉన్న చోటే పెట్టు. నియమం అడగకపోయినా పెట్టు.

ఇప్పుడు అసలైన లెక్క, అంటే ఒక మనిషికి ఎంతమంది పిల్లలు అన్నది. నీ ఉత్తరంలో జమాఖర్చులు రాసి పంపావు. ఫీజులు, అద్దె, బొమ్మలు, రంగులు అన్నీ ఉన్నాయి. సిబ్బంది జీతాలు ఒకే ఒక్క పంక్తిలో, అదీ చివర ఉన్నాయి. ఆ పంక్తిని పైకి తీసుకురా. మిగతా లెక్కంతా దాని నుంచే రావాలి.

ఇంగ్లండులో రెండేళ్ళలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండాలి. రెండేళ్ళవాళ్ళకు ఇదివరకు నలుగురికి ఒకరు ఉండగా, 2023 సెప్టెంబరు నుంచి ఐదుగురికి ఒకరు చాలన్నారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం తోడ్పాటుతో వెలువడిన జాతీయ మార్గదర్శకాలు ఏడాదిలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండాలనీ, అటువంటి బృందంలో మొత్తం ఆరుగురికి మించరాదనీ సూచిస్తాయి. ఈ రెండో మాట చాలామంది వదిలేస్తారు. నిష్పత్తి సరిపోయినా ఒకే గదిలో పెద్ద గుంపు పెడితే పసివాళ్ళకు నిద్ర పట్టదు, జలుబు ఒకరి నుంచి అందరికీ పాకుతుంది. నీ దగ్గరి అంకె వేరుగా ఉండవచ్చు. ఉదాహరణకు ముగ్గురికి ఒకరు అనే అనుకుని, తొమ్మిది మంది పసివాళ్ళతో లెక్క చేద్దాం.

ముగ్గురు మనుషులు చాలని నువ్వు రాశావు. కేంద్రం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా పది గంటలు తెరిచి ఉంటుంది. ముగ్గురు ఎప్పుడూ పిల్లల దగ్గర ఉండాలంటే రోజుకు ముప్పై గంటల పని. ఒక మనిషి భోజనం, విశ్రాంతి పోగా పిల్లలతో ఉండగలిగేది ఏడు గంటలు అనుకో. నలుగురిని పెట్టినా ఇరవై ఎనిమిది గంటలే వస్తుంది. అంటే నలుగురు పూర్తికాలం, ఒకరు సగం పూట. వాళ్ళలో ఒకరికి జ్వరం వస్తే పిలవడానికి ముందే తనిఖీలన్నీ పూర్తయిన మరొకరు సిద్ధంగా ఉండాలి. వంటమనిషి ఈ లెక్కలోకి రాదు. ఆఫీసులో ఫోను మాట్లాడుతున్న నువ్వూ రావు. వయసులు కలిపి ఒకే గదిలో ఉంచితే చాలాచోట్ల అందరికంటే చిన్నబిడ్డకు వర్తించే నిష్పత్తే అందరికీ వర్తిస్తుంది.

తనిఖీకి మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళ ఎందుకు వెళ్ళేవాళ్ళమో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. పొద్దున పదింటికి ఏ కేంద్రమైనా నిండుగా, ముచ్చటగా ఉంటుంది. ఒంటిగంటకు ఇద్దరు భోజనానికి వెళ్ళి, ఒకరు మందుల రిజిస్టరు రాస్తూ కూర్చుంటే పిల్లల దగ్గర ఎవరున్నారన్నదే ప్రశ్న. సాయంత్రం చివరి అరగంట కూడా అంతే. ఇంకొక్క బిడ్డే కదా, పాపం ఆ తల్లి ఉద్యోగం పోతుందట అని ఎవరో బతిమాలిన రోజున నీకు ఇది కష్టమనిపిస్తుంది. నీ మనసు మెత్తన. అందుకే ఇప్పుడే చెబుతున్నాను: ఆ తల్లికి ఎదురుచూసేవారి జాబితాలో చోటు ఇవ్వు, గదిలో ఇవ్వకు.

పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టే నియమం చిన్నదిగా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో సలహా ఇచ్చింది, 1994 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని ఇంటింటికీ చేర్చే ప్రచారం సాగింది, ఆ దశాబ్దంలోనే నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. గట్టి పరుపు, దిండు లేదు, దుప్పటి లేదు, మెత్తని బొమ్మ లేదు. బోర్లా పడుకోబెడితేనే నిద్రపోతాడని అమ్మమ్మలు చెబుతారు. వాళ్ళతో గౌరవంగా మాట్లాడి, డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా ఒప్పుకోనని చెప్పు. నిద్రగదిలో ఒక మనిషి ఉండాలి. కెమెరా ఆ మనిషికి బదులు కాదు.

వాహనం పెట్టాలన్న ఆలోచన మొదటి ఏడాది మానుకో. జపాన్‌లో 2021లో ఒకసారి, 2022లో మరోసారి, చిన్నపిల్లలను బస్సులోనే మరిచిపోవడంతో ఎండ వేడికి వాళ్ళు చనిపోయారు. 2023 ఏప్రిల్ నుంచి అటువంటి బస్సుల్లో డ్రైవరు చివరి సీటు దాకా నడిస్తే తప్ప ఆగని హెచ్చరిక పరికరాల వంటివి తప్పనిసరి చేశారు. పిల్లలను ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్ళిన ప్రతిసారీ, పెరట్లో ఆటకైనా సరే, తలలు లెక్కపెట్టి రాయించు. పేరు పిలిచి, ముఖం చూసి లెక్కపెట్టాలి.

మనుషులను తీసుకునేటప్పుడు పోలీసు వెరిఫికేషన్, పాత యజమానులతో నువ్వు స్వయంగా మాట్లాడటం, ఆరోగ్య పత్రం, ప్రథమ చికిత్సలోనూ ఊపిరి ఆగిన పసిబిడ్డకు చేయవలసిన సీపీఆర్‌లోనూ శిక్షణ, ఇవి పూర్తయ్యేదాకా ఎవరినీ పిల్లలతో ఒంటరిగా వదలకు. దగ్గరి బంధువైనా సరే. నీ ఇంట్లోనే నడిపితే ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరికీ ఈ పరిశీలన ఉండే చోట్లు చాలా ఉన్నాయి, అందుకు నేనూ సిద్ధమే. బిడ్డపై వేధింపు జరిగిందన్న అనుమానం వస్తే ఎవరికి, ఎంత సమయంలో తెలియజేయాలో చట్టం చెబుతుంది. అది సిబ్బంది గదిలో గోడ మీద ఉండాలి. తెలియజేసే ముందు నీ అనుమతి అడగనక్కర లేదని కూడా వాళ్ళకు స్పష్టంగా చెప్పు.

కాగితాలు నీకు కష్టం కాదు. టీకాల వివరాలు, అలర్జీలు, మందు వేయడానికి తల్లిదండ్రుల సంతకం, బిడ్డను ఎవరికి అప్పగించవచ్చో వాళ్ళ పేర్లూ ఫోటోలూ, దెబ్బల రిజిస్టరు. దెబ్బ తగిలిన రోజే రాసి, సాయంత్రం తల్లికి చూపించి సంతకం తీసుకో. ఒంటి మీద చిన్న గీరు పడినా రాసే కేంద్రం మీద మాకు నమ్మకం కలిగేది. ఏడాదంతా ఖాళీగా ఉన్న రిజిస్టరు చూస్తే ఇంకా లోతుగా వెతికేవాళ్ళం.

ఇక నువ్వు చేయవలసింది ఒకటుంది. తొమ్మిది మంది పసివాళ్ళకు సోమవారం నుంచి శనివారం దాకా, తెరిచినప్పటి నుంచి మూసేదాకా అరగంటకొకసారి ఏ గదిలో ఎవరుంటారో పట్టిక వేసి నాకు పంపు. భోజన విరామాలు, ఒకరు రాకపోతే ఎవరు వస్తారో కూడా అందులో ఉండాలి. ఒక్క అరగంట ఖాళీ కనిపించినా ఎర్ర సిరాతో గీసి వెనక్కి పంపుతాను. అది పూర్తిగా నిండాక జీతాల మొత్తం కట్టి, దాని మీద ఫీజు ఎంత పెట్టాలో మనిద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అమ్మ