మల్టీమీడియాకి మూడు గంటల రాత పరీక్ష ఏమిటి, మంత్రిగారూ?

ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారం.

అమలాపురంలో నాకో డిజైనింగ్ షాపు ఉంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, రొయ్యల మేత సంచుల లేబుళ్లు, ఈమధ్య రీల్స్, డ్రోన్ వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాం. డిగ్రీలో మల్టీమీడియా చదివిన పిల్లలు పని అడుగుతూ వస్తుంటారు. రాస్టర్‌కీ వెక్టర్‌కీ (చుక్కలతో ఏర్పడే బొమ్మకీ, గీతల లెక్కతో ఏర్పడే బొమ్మకీ) తేడా ఏమిటంటే గడగడా అప్పజెబుతారు.

పోయిన పెళ్లిళ్ల సీజన్లో ఒకమ్మాయి వచ్చింది. ఫస్ట్ క్లాసు. కార్డు మీద ‘లక్ష్మీ’ అని కొట్టమన్నాను. మా దగ్గరున్న పాత ఫోటోషాప్‌లో ఒత్తులు ఊడిపోయి అక్షరాలు వేటికవి పడ్డాయి. కీబోర్డు పాడైందనుకుని చెరిపి మళ్లీ మళ్లీ కొట్టింది. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ ఇంజిన్ (అక్షరాలు పేర్చే పద్ధతి) మార్చి కొత్త ఫైలు తెరిస్తే సరిపోతుంది. అదేం పెద్ద విద్య కాదు. కానీ కోర్సంతా అయ్యేసరికి ఆ పిల్ల స్క్రీన్ మీద ఒక్క తెలుగు మాట పేర్చలేదు. ల్యాబ్ అంటే రికార్డు రాయడమేనట. 2020 డిసెంబరు 31తో అడోబీ కంపెనీ వదిలేసిన, వెబ్‌లో యానిమేషన్లు ఆడించే ఫ్లాష్ ప్లేయర్ మీద మాత్రం నోట్సు రాసుకుంది. ఏ కాలేజీ అన్నది అనవసరం.

అయ్యా, నేను అడిగేది ఒకటే. మల్టీమీడియాకి పెట్టే ఆ మూడు గంటల రాత పరీక్ష తీసేసి, చేసిన పనికి మార్కులు వేయించండి. అదీ చివర్లో ఇచ్చే వీడియో ఒక్కటే చూసి కాదు. అలా చూస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, ప్రాజెక్టు చేసిపెట్టమని వచ్చేది మా షాపులకే కదా. స్టోరీబోర్డు (సీన్ల వరస బొమ్మలు), రఫ్ కట్ (తొలి ఎడిటింగ్), చూసినవాళ్లు ఏమన్నారు, దాన్ని బట్టి ఏం మార్చారు, లేయర్లతో (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలతో) సహా అసలు ఫైలు, ఇవన్నీ అడగండి. ఆ బేరం అక్కడితో ఆగిపోతుంది. మాకు కాస్త నష్టమే అనుకోండి.

ఉదాహరణకి వరద హెచ్చరికలు తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో స్క్రోలింగ్ పోతుంటుంది. లంక గ్రామాల్లో పెద్దవాళ్లకి ఆ లెక్క కంఠతా వచ్చు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి, బయటినుంచి వచ్చిన ఇటుక బట్టీ కూలీలకి ఎలా తెలుస్తుంది? దీన్ని ఒక నిమిషం యానిమేషన్‌గా చెయ్యమనండి. పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద ఇంజిన్ మోతలో మాట వినబడదు, కాబట్టి సౌండ్ లేకపోయినా అర్థం కావాలి. ఫోన్ నిలువుగానే పట్టుకుంటారు. ప్రమాదం అనగానే ఎర్ర రంగు వాడేస్తారు, గోదావరి వరదనీరేమో ఎర్రగానే ఉంటుంది, అక్షరం అందులో కలిసిపోతుంది. ఆ చిక్కు విప్పుకున్న పిల్లకి నేను వెంటనే ఉద్యోగం ఇస్తాను.

డబ్బుల్లేవంటారేమో. బ్లెండర్, క్రిటా, ఇంక్‌స్కేప్, ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్లు, యానిమేషన్ నుంచి సౌండ్ ఎడిటింగ్ దాకా, అన్నీ ఉచితమే. 2025లో యానిమేషన్‌కి ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా బ్లెండర్‌లో చేసిందే. ఇంక్‌స్కేప్‌లో మన ఒత్తులు ఊడిపోవు కూడా. ఖర్చంతా నాలుగు మంచి మైకులు, కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్‌లు.

1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో ఉండేది. ఇప్పుడు ఇక్కడి పిల్లలు ఎడిటింగ్ నేర్చుకోవాలంటే అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు, ఇంట్లోవాళ్లకి టెన్షన్.

ముందు గోదావరి జిల్లాల్లో ఒక్క సెమిస్టరు ఇలా చేయించి చూడండి. మార్కులెయ్యడానికి బయటివాళ్లు కావాలంటే రావులపాలెం నుంచి కాకినాడ దాకా మా షాపులవాళ్లని పిలవండి. టీఏ, డీఏలు అడగం. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం పెట్టకండి.

ఇట్లు,
అమలాపురం నుంచి ఒక డిజైనర్