పద్దెనిమిది దాటిన స్పెషల్ పిల్లలకి కాలేజీ ఉండొద్దా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డిగ్రీ కాలేజీల్లో చేరే దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్ల వార్తలు మీ పేపర్లో చూస్తుంటాం, మాలాంటి ఇళ్ల సంగతి కూడా ఓ మూల వెయ్యండని ఈ ఉత్తరం. మా వాడికి మేధో వైకల్యం, స్పెషల్ స్కూల్లో చదివాడు, పద్దెనిమిది నిండగానే ఇక తీసుకెళ్లండి అన్నారు. వాళ్లనేం అంటాం, 2016 దివ్యాంగుల చట్టంలో ఉచిత చదువు హక్కు ఇచ్చిందే 6 నుంచి 18 ఏళ్ల దాకా.

అదే చట్టం 32వ సెక్షన్లో ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లు రిజర్వ్ చెయ్యాలని ఉంది. బానే ఉంది, కానీ దోస్త్‌లో అప్లై చెయ్యాలంటే ఇంటర్ పాసవ్వాలి కదండీ, మా వాడికి ఇంటర్ ఎక్కణ్ణుంచి తేవాలి? చూపు లేని పిల్లలకి, వీల్‌చైర్లో ఉన్నవాళ్లకి ఆ సీటు అక్కరకొస్తుంది, రావాలి కూడా, మా పిల్లలకి మాత్రం దారే వేరేగా ఉండాలి.

అమెరికాలో 2008లో చట్టం మార్చి ఈ పిల్లలకి కాలేజీల్లోనే ట్రాన్సిషన్ ప్రోగ్రాములకి, అంటే స్కూలు నుంచి సొంత బతుకు వైపు నడిపించే కోర్సులకి దారి చేశారు, 2010లో వాటికోసం కాలేజీలకి గ్రాంట్లు కూడా మొదలుపెట్టారు. హైస్కూల్ డిప్లొమా లేకపోయినా గుర్తింపున్న ప్రోగ్రాంలో చేరితే ప్రభుత్వ ఆర్థిక సాయానికి అర్హత ఉంటుంది. మామూలు స్టూడెంట్లతో కలిసి కొన్ని క్లాసుల్లో కూర్చుంటారు, సొంతంగా బతకడం నేర్చుకుంటారు, ఇంటర్న్‌షిప్ చేస్తారు.

మనకి వొకేషనల్ సెంటర్లున్నాయిగా అంటారు. ఉన్నాయి, కొవ్వొత్తులు, పేపర్ కవర్లు. పని చిన్నదని కాదు నా బాధ, ఏళ్ల తరబడి అదే గది, అవే మొహాలు, వాడి వయసు పిల్లలు ఎవరూ కనపడరు.

బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర సంస్థ ఉంది, పాతవాళ్లం ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటాం, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. స్పెషల్ టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేదే వాళ్లు. సిటీలో ఒక్క గవర్నమెంట్ డిగ్రీ కాలేజీని వాళ్లతో కలిపి ఓ పదిహేను మందితో రెండేళ్ల సర్టిఫికెట్ కోర్సు పెట్టి చూడొచ్చు, లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, ఆఫీసులో జిరాక్స్, క్యాంటీన్ పని, ఒంటరిగా సిటీ బస్సెక్కి దిగడం, ఫోన్‌పేలో డబ్బులు చూసుకుని ఇవ్వడం, ఇవే సిలబస్.

ఏడిపిస్తారేమోనని మా ఆవిడ భయం, నిజానికి నాక్కూడా. కానీ ఎన్ఎస్ఎస్ పిల్లల్ని ఒక్కొక్కరికి ఇద్దరిద్దరు తోడుగా వేస్తే ఆ భయం చాలావరకు పోతుంది, మొక్క నాటి ఫొటో దిగడం కన్నా అది మేలైన డ్యూటీ అని నా ఉద్దేశం.

ఉన్నత విద్యామండలి వాళ్లని మీ రిపోర్టర్ ఒక్కసారి ఈ మాట అడిగి, వాళ్లేమన్నారో పేపర్లో వెయ్యగలరా?

ఇట్లు,
ఓ తండ్రి, అల్వాల్, హైదరాబాద్