టర్బో కార్లకు వరంగల్‌లో ఒక డైనో కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మాడిఫైడ్ కార్ల గురించి పేపర్లలో వచ్చినప్పుడల్లా సైలెన్సర్ మోత, నల్ల అద్దాలు, చలాన్ల సంగతే ఉంటుంది. బానెట్ కింద ఏం జరుగుతోందో ఎవరూ రాయరు. నేను హన్మకొండలో ఫ్యూయల్ ఇంజెక్షన్ పని చేసుకుని బతికేవాణ్ని. మొదట్లో లారీల డీజిల్ పంపులు, నాజిళ్లు చేసేవాణ్ని. ఇప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్ల పనే ఎక్కువ. మన కుర్రాళ్లు టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టేది) వేయించిన కార్లకు పెట్రోల్ సెట్టింగ్ ఎలా చేయించుకుంటున్నారో చూస్తుంటే భయమేస్తోంది. అందుకే వరంగల్‌లో ఒక డైనో, అంటే కారును రోలర్ల మీద నిలిపి నడిపి చూసే యంత్రం, పెట్టించాలని ఈ ఉత్తరం.

మొన్నటి ఎండాకాలంలో ఒక అబ్బాయి కారును తాడు కట్టి లాక్కొచ్చారు. మామూలు పెట్రోల్ ఇంజన్‌కు విడిగా టర్బో కిట్ బిగించిన బండి. వేరే ఊరి ట్యూనర్, ఎప్పుడు ఎంత పెట్రోల్ పోయాలో ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పే మ్యాప్ ఫైల్‌ను ఫోన్‌కు పంపితే, ల్యాప్‌టాప్ పెట్టి ఎక్కించుకున్నాడు. పికప్ అదిరిపోయిందని కొన్నాళ్లు మురిసిపోయాడు. ఒక మధ్యాహ్నం కరీంనగర్ రోడ్డులో ఎల్కతుర్తి దాటాక గట్టిగా తొక్కితే పొగ కమ్మి ఆగిపోయింది. ప్లగ్గులు విప్పాను. మూడో ప్లగ్ తెల్ల పింగాణీ మీద సన్నటి నల్ల చుక్కలు, వాటి మధ్య మెరుస్తూ అల్యూమినియం రేణువులు. అది పిస్టన్ నుంచి ఊడిన లోహం. హెడ్ దించి చూస్తే ఆ పిస్టన్ రింగుల గాడి దగ్గర ముక్క విరిగిపోయి, బోరు నిండా గీతలు.

కారణం చాలా చిన్నది. ఫ్యూయల్ రెగ్యులేటర్ (పెట్రోల్ ఒత్తిడిని సర్దేది) మీది సన్న గొట్టాన్ని, ఇంజన్‌లోకి గాలి పంచే మానిఫోల్డ్‌కు కలపకుండా గాలికి వదిలేశారు. ఆ గొట్టం పని ఏమిటంటే, టర్బో ఎంత ఒత్తిడి పెంచితే పెట్రోల్ ఒత్తిడినీ అంత పెంచడం. అది లేకపోతే ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే రైల్‌లో 3 బార్లు అలాగే నిలిచి ఉంటాయి. ఎదురుగా మానిఫోల్డ్‌లో 0.6 బార్ బూస్ట్ (టర్బో పెంచిన గాలి ఒత్తిడి) నెడుతుంటే, ఇంజెక్టర్‌ నుంచి పెట్రోల్‌ను తోసేది 2.4 బార్లే. ఇంజెక్టర్‌లో పారేది ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, సరిగ్గా పెట్రోల్ ఎక్కువ కావాల్సిన చోట పదో వంతు తగ్గిపోయింది. ఫైల్ రాసిన మనిషి మాత్రం 3 బార్లు ఉంటాయన్న లెక్కతోనే రాశాడు. ఆ ఫైల్‌లో తప్పు లేకపోవచ్చు. కానీ ఈ బండిని ఆయన చూడలేదు, దీని మీద ఎవరూ ఏదీ కొలవలేదు.

పొగను బట్టి గాలి, పెట్రోల్ పాళ్లు అంకెల్లో చెప్పే ఒక వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి ఉంటే ఇది మొదటి రోజే తెలిసేది. కంపెనీ బిగించే మామూలు నారోబ్యాండ్ సెన్సర్ గాలి, పెట్రోల్ సరైన పాళ్లలో ఉన్న చోట మాత్రమే ఖచ్చితంగా చెబుతుంది. ఫుల్ బూస్ట్‌లో రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉందని చెప్పగలదు గానీ ఎంత రిచ్ అంటే చెప్పలేదు. టర్బో పెట్రోల్ బండికి లోడ్‌లో లాంబ్డా (ఉన్న గాలిని కావాల్సిన గాలితో భాగిస్తే వచ్చే అంకె, 1 కన్నా తగ్గితే పెట్రోల్ ఎక్కువ) 0.80 చుట్టుపక్కల ఉండాలి. 0.90కి వెళ్తే, అందులోనూ మన ఎండలకు, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తానే పేలడం) మొదలవుతుంది. మే నెలలో వరంగల్ 44 డిగ్రీలు చూస్తుంది, రామగుండం ఇంకా పైకి పోతుంది. ఇంటర్‌కూలర్ దాటినా గాలి ఆ వేడి కన్నా చల్లబడదు. చలి దేశంలో, 98 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెట్రోల్ మీద రాసిన, పవర్ పెంచే స్టేజ్ 2 ఫైల్‌ను తెచ్చి ఇక్కడ ఎక్కిస్తే ఆ ఇంజన్ ఎట్లా బతుకుతుంది?

పెట్రోల్ కూడా మారింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అమ్మకం మొదలైంది, ఇప్పుడు ఎక్కువ బంకుల్లో దొరికేది అదే. ఇథనాల్ కలవని పెట్రోల్‌కు బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోల్ పోయాలి. నెమ్మదిగా నడిపేటప్పుడు సెన్సర్ చూసి కంప్యూటర్ తానే సర్దుకుంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో చాలా సిస్టమ్‌లు పట్టికలో రాసిన అంకెనే నమ్ముతాయి. ఇథనాల్‌తో ఆక్టేన్ పెరుగుతుంది, చల్లదనమూ వస్తుంది. టర్బోకు అది మేలే, కానీ పోయాల్సినంత పోసినప్పుడే ఆ మేలు. అందుకే మా షెడ్డులో సెట్టింగ్‌కు ముందు కొలత గీతల గాజు గొట్టంలో 90 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుదిపి చూస్తాం. ఇథనాల్ నీళ్లలోకి దిగి కింది పొర పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూస్తే ఎంత కలిసిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

డీజిల్ పంపు పని నేర్చినవాళ్లకు కొలత మొదటి పాఠం. బెంచి మీద పంపు తిప్పి, ఒక్కో లైన్‌ నుంచి గాజు గొట్టాల్లోకి ఎంత డీజిల్ పడిందో సమానంగా చూశాకే లారీకి బిగించేవాళ్లం. అలా చూడకుండా పంపు ఇస్తే ఏనుమాముల మార్కెట్‌కు సరుకు తోలే డ్రైవర్లు ఊరుకునేవాళ్లు కాదు. ఇప్పుడు లక్షలు పోసి టర్బో వేయించుకునే పిల్లలు ఆ మాత్రం కూడా అడగడం లేదు.

అడగాల్సినవి పెద్ద విద్యలేం కావు. ఇంజెక్టర్లు నాలుగూ సమానంగా పోస్తున్నాయా అని బెంచి మీద చూపించమనాలి. నిమిషానికి 6000 తిప్పుల దగ్గర ఒక ఇంజెక్టర్‌కు దొరికేది రెండు చుట్లకు 20 మిల్లీసెకన్లే. అందులో 17 దాటి తెరిచి ఉంటోందంటే అది చిన్న ఇంజెక్టర్, మ్యాప్ ఎంత మార్చినా లాభం లేదు, పెద్దది వేయాల్సిందే. ఇంకోటి, ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరగగానే ఐడిల్ (బండి నిలబడి ఉన్నప్పటి ఇంజన్ తిప్పుడు) దడదడలాడితే చాలామంది ఐడిల్ పెంచి పంపేస్తారు. వోల్టేజీ పడిపోతే ఇంజెక్టర్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని వోల్టేజీవారీగా కంప్యూటర్‌లో సరిగ్గా నింపాలి. అది వదిలేసి మిగతా పట్టికలన్నీ దిద్దుకుంటూ పోతే ఏ అంకె మీదా నమ్మకం ఉండదు. ఐడిల్, మామూలు నడక కుదిరాకే తక్కువ బూస్ట్‌లో లోడ్ ఇవ్వాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ నిప్పు వేసే వేళ) ముందుకు జరపడం ఆఖరి పని. లాంబ్డా హద్దు దాటితే బూస్ట్ కోసేసే సేఫ్టీ కట్ పెట్టకుండా బండి తాళం ఇవ్వకూడదు.

ఇదంతా రోడ్డు మీద చేసే పని కాదు. హసన్‌పర్తి వైపు తెల్లవారుజామున ఒకడు ఫుల్‌గా తొక్కుతుంటే పక్కసీట్లో ఇంకొకడు ల్యాప్‌టాప్ చూస్తూ కూర్చునే పద్ధతి నడుస్తోంది. ఆ వేళకు పాల బండ్లు, పొలాలకు పోయేవాళ్లు అదే రోడ్డు మీద ఉంటారు. చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కాబట్టి టర్బో కిట్ మీద అంత మోజు ఉన్నవాళ్లు దాన్ని ట్రాక్ బండిగా పెట్టుకుని చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై లాంటి చోట్ల నడుపుకోవాలి. కంపెనీ టర్బోతోనే వచ్చే కార్లు మన రోడ్ల మీద రోజురోజుకూ పెరుగుతున్నాయి, వాటికీ ఈ కొలతలు తెలిసిన మెకానిక్‌లు కావాలి.

నేను కోరేది ఒకటే. వరంగల్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో ఒక చాసిస్ డైనో పెట్టించాలి. చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటే కారు కదలకుండానే లోడ్ ఇచ్చి చూడొచ్చు, రోడ్డు మీద ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండదు. నిట్ మెకానికల్ విభాగం మన ఊళ్లోనే ఉంది, పాఠం చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఆటోనగర్ మెకానిక్‌లకు వైడ్‌బ్యాండ్, ఇంజెక్టర్ బెంచి, కంప్యూటర్ రికార్డు (లాగ్) చదవడం నేర్పే చిన్న కోర్సు సాయంత్రం పూట పెడితే, ఫీజు కట్టి మొదట చేరేవాళ్లలో నేనుంటాను. నా ఇంజెక్టర్ బెంచిని కూడా నేర్చుకునే పిల్లల కోసం తెచ్చి పెడతాను. ఈ విషయం మీ పత్రిక ద్వారా కలెక్టర్ గారి దృష్టికి, సాంకేతిక విద్యాశాఖ దృష్టికి వెళ్లాలని నా విన్నపం.

— ఒక ఫ్యూయల్ ఇంజెక్షన్ మెకానిక్, హన్మకొండ