తీగని పందిరి ఎక్కించే ముందు నేల మీద పాకనివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మీ పేపర్లో మిద్దె తోటల మీద వచ్చేవన్నీ మేం వదలకుండా చదువుతాం, చాలా బాగుంటున్నాయి. కానీ గుమ్మడి, ఆనప, బీర, పొట్ల లాంటి తీగల గురించి వచ్చినప్పుడల్లా పిందె ఎందుకు రాలుతుంది, ఏ మందు కొట్టాలి, ఏ ద్రావణం పొయ్యాలి, ఇంతే ఉంటోంది. వేరు గురించి ఎవరూ రాయట్లేదు. మా కాలనీలో డాబా మీద పాదులు పెట్టినవాళ్ళలో చాలామందికి వచ్చే కష్టం అంతా అక్కడే ఉందని నా నమ్మకం, అందుకే ఈ ఉత్తరం.

గుమ్మడి ఆకు ఎంత పెద్దదో చూడండి, అలాంటివి ముప్పై నలభై ఆకులు ఎండలో నీళ్ళు ఆవిరి చేస్తుంటే కింద నుంచి అన్ని నీళ్ళూ లాగి ఇవ్వాల్సింది ఆ వేరే కదా. మధ్యాహ్నం పూట ఆకులు వాలిపోతే కంగారు పడక్కర్లేదు, చల్లబడ్డాక లేస్తాయి. తేమ ఉండి కూడా సాయంత్రానికీ లేవలేదు, తెల్లారి చూసినా అలాగే ఉంది అంటే వేరు చాలట్లేదు లేదా కుళ్ళుతోంది అని అర్థం. అప్పుడు ఇంకో చెంబు నీళ్ళు పోస్తే ఇంకా పాడవుతుంది, మనవాళ్ళు సరిగ్గా అదే చేస్తారు.

ఈ తీగలకి దేవుడిచ్చిన వరం ఒకటుంది. గుమ్మడి తీగ నేల మీద పాకుతుంటే ప్రతి కణుపు దగ్గరా, అదే ఆకు, నులితీగ పుట్టే చోట, కింద వైపు చిన్న చిన్న తెల్లటి మొటిమల్లాంటివి కనిపిస్తాయి. అవి వేళ్ళ మొదళ్ళు. తడి మట్టి తగిలితే చాలు వారం పది రోజుల్లో సాగి మట్టిలోకి దిగుతాయి. మట్టి మెల్లిగా వేలితో పక్కకి జరిపి చూడండి, తెల్లగా దారాల్లాగా, వాటి చివర్లకి మట్టి రేణువులు అంటుకుని ఉంటాయి, తీగని కొంచెం పైకి లాగితే రాదు, పట్టుకుని ఉంటుంది. అంటే ఒక్క మొక్కకి నాలుగైదు చోట్ల నోరు పెట్టినట్టు అన్నమాట. పల్లెల్లో గుమ్మడిని నేల మీద వదిలేస్తే అంత కాపు ఎలా వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. 2023లో అమెరికాలో 1,247 కిలోల గుమ్మడికాయ ఒకటి పండించి అప్పట్లో ప్రపంచ రికార్డు కొట్టారు, అంత పెద్ద కాయలు కాయించేవాళ్ళు కూడా తీగ పొడుగునా కణుపుల్ని మట్టిలో కప్పుకుంటూ పోతారు, అది వాళ్ళ పద్ధతిలో ముఖ్యమైన పని.

మనం ఇక్కడ ఏం చేస్తున్నామంటే మొక్క జానెడు ఎత్తు రాగానే తాడు కట్టి పందిరి ఎక్కించేస్తున్నాం. ఇంక ఆ కణుపులకి మట్టి ఎక్కడ తగులుతుంది? నేను చెప్పేది పందిరి వద్దని కాదు, విశాఖలో అందరికీ జాగా ఎక్కడుంది. తీగ నాలుగైదు అడుగులు వచ్చేదాకా నేల మీద పాకనివ్వండి, రెండు మూడు కణుపులు వేరు దిగాక అప్పుడు కొసని పైకి మళ్ళించండి. పెరడు ఉంటే తీగ కింద రెండంగుళాల లోతు చిన్న గాడి తీసి, కణుపుని అందులో పడుకోబెట్టి, చివికిన గత్తం, అదే పశువుల ఎరువు, కలిపిన మట్టి కప్పి తడపాలి, ఆకు, కొస మాత్రం బయటే ఉండాలి. డాబా మీదైతే మొదటి కుండీ పక్కన ఇంకో కుండీ పెట్టి దాని మీదుగా తీగని నడిపించి, కణుపు మట్టికి ఆనేలా వంచిన ఇనప తీగ గుచ్చితే సరిపోతుంది, చిన్న రాయి పెట్టినా చాలు. గుమ్మడి, ఆనప ఇట్టే వేళ్ళు వేస్తాయి, దొండ అయితే కొమ్మ ముక్కే నాటుకుంటాం కాబట్టి చెప్పక్కర్లేదు. బీర, కాకర అంత తొందరగా వెయ్యవు, వాటికి పాదు బాగా చేసుకోవడమే దారి.

రెండు చోట్ల మాత్రం కప్పకూడదు. మొక్క మొదలు దగ్గర మట్టి ఎగదోస్తే అక్కడ తడి నిలిచి కాండం కుళ్ళిపోతుంది. కాయ నిలబడిన కణుపు దగ్గర కూడా తీగని వదులుగా ఉంచాలి, ఎందుకంటే కాయ ఊరేకొద్దీ తీగని పైకి నెడుతుంది, కింద వేళ్ళు గట్టిగా పట్టుకుంటే తొడిమ దగ్గర చీలుతుంది.

మన ఊరికి ఇది ఇంకా ఎక్కువ అవసరం అంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మహా వృక్షాలే పడిపోయాయి, అలాంటి గాలికి ఏ పాదూ ఆగదు, ఆ మాట వేరు. కానీ అక్టోబర్, నవంబర్లలో వాయుగుండం పట్టినప్పుడల్లా వచ్చే సముద్రపు గాలికి తీగ ఊగి ఊగి మొదలు దగ్గర మెలి తిరిగి పగులుతుంది, ఎన్ని మేడల మీద చూశానో. రెండు మూడు కణుపులు మట్టిలో ఉంటే ఆ ఊపు మొదలు దాకా రాదు. పైగా మొదలు కుళ్ళినా, పురుగు తొలిచినా పక్క వేళ్ళ మీద తీగ బతుకుతుంది, కాయ కూడా ముదురుతుంది. బీచ్ పక్క కాలనీల్లో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవే రోజూ పోస్తే కుండీలో ఉప్పు పేరుకుని వేరు కొసలు మాడిపోతాయి, వాళ్ళు వీలైనప్పుడు వాన నీళ్ళు పట్టి కుండీ అడుగు నుంచి కారిపోయేలా నిండుగా పొయ్యాలి.

నీళ్ళ విషయం వచ్చింది కాబట్టి, రోజూ పైపైన చిలకరిస్తే వేరు కూడా పైనే తిరుగుతుంది, ఒక్క ఎండకి అయిపోతుంది. లోపలిదాకా తడిసేలా పోసి, పై రెండంగుళాలు ఆరాక మళ్ళీ పోస్తే నీటి కోసం వేరు కిందకి దిగుతుంది. ఎండుటాకులు, కొబ్బరి పీచు పైన పరిచితే ఇంకా మంచిది. యూరియా దండిగా వేస్తే ఆకులు ఏనుగు చెవుల్లా వస్తాయి గానీ వేరు పెరగదు. వేరుకి పనికొచ్చే భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు, పైన చల్లితే అందదు, అందుకే ఎముకల పొడి లాంటిది విత్తే ముందే పాదు మట్టిలో కలిపెయ్యాలి.

ఇంకోటి, ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను. మా దగ్గర్లో ఒక నర్సరీలో గుమ్మడి, ఆనప నారు అరచేతిలో పట్టే నల్ల కవర్లలో అమ్ముతారు, అయిదారు ఆకులు వచ్చేసి తీగ సాగిపోయి ఉంటుంది, మొక్క ఏపుగా ఉందని జనం అవే ఏరుకుంటారు. కవరు చింపితే వేరంతా అడుగున చుట్టలు చుట్టుకుని గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. ఈ జాతికి వేరు కదిలితే అసలే పడదు, అలాంటిది నాటితే నెలైనా ఉన్నచోటే ఉంటుంది, తప్పంతా మట్టిదని మనం అనుకుంటాం. రెండు ఆకుల మీద ఉన్న నారే అమ్మాలి, కొనేవాళ్ళూ అదే అడగాలి. అసలు గింజే నేరుగా పెట్టుకుంటే ఇంకా హాయి, పాదుకి రెండు మూడు గింజలు పెట్టి, బలమైనది ఉంచి మిగతావి కత్తెరతో కోసెయ్యాలి, పీకితే ఉంచినదాని వేరు కూడా కదులుతుంది.

కుండీ కూడా పెయింట్ డబ్బా సరిపోదండి. గుమ్మడికి కనీసం అరవై లీటర్లు ఉండాలి, 200 లీటర్ల డ్రమ్ము అడ్డంగా సగానికి కోయించి అడుగున కన్నాలు పెట్టించుకుంటే బాగుంటుంది. కాకపోతే వంద లీటర్ల తడి మట్టి అంటే నూటయాభై కిలోలు దాటుతుంది, కాబట్టి స్లాబు మధ్యలో పెట్టకుండా పిల్లర్లు, బీములు ఉన్న వైపు పెట్టుకోండి.

మీకు నా విన్నపం ఏంటంటే, అనకాపల్లిలో 1913 నుంచీ నడుస్తున్న వ్యవసాయ పరిశోధన స్థానం మనకి ఇంత దగ్గర్లో ఉంది, అక్కడి శాస్త్రవేత్తల్ని అడిగి మన ఎర్రమట్టిలో, మన గాలిలో తీగల వేళ్ళు ఎలా కాపాడుకోవాలో ఫొటోలతో ఒక పేజీ వేయించండి. గుమ్మడి కాయ ముదరడానికి నాలుగు నెలలు పడుతుంది, సంక్రాంతికి దప్పళంలోకి ఇంటి కాయ కావాలనుకునేవాళ్ళు సెప్టెంబర్ మొదట్లోనే గింజ పెట్టాలి, ఆ పేజీ ఆగస్టులో వస్తే అందరికీ ఉపయోగపడుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం.