‘కంప్లీట్ క్లాసిక్స్’ పేరుతో కుదించిన పుస్తకాలు అమ్మారు – డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: పూర్తి పాఠం అని చెప్పి కుదించిన పిల్లల పుస్తకాలు పంపడం, వాపసు తీసుకోకపోవడం.

అయ్యా / అమ్మా,

మీ వెబ్‌సైట్‌లో ‘పిల్లల క్లాసిక్స్ – కంప్లీట్, అనబ్రిడ్జ్‌డ్’ అని చూసి పది పుస్తకాల సెట్ తెప్పించుకున్నాను. వచ్చినవన్నీ కుదించినవే. ఆ సంగతి అట్ట మీద లేదు, లోపలా లేదు. కుదించింది ఎవరో కూడా రాయలేదు. అసలు రచయిత పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేశారు.

‘బ్లాక్ బ్యూటీ’నే తీసుకోండి. బ్యూటీ అనే గుర్రం తన కథ తానే చెప్పుకునే నవల ఇది. అన్నా సీవెల్ రాసి 1877లో అచ్చయిన ఈ నవలలో 49 అధ్యాయాలుంటాయి. మీరు పంపిన దాంట్లో 12. కలిపేసి వేశారేమోనని నెట్‌లో ఉచితంగా దొరికే పూర్తి పాఠం పక్కన పెట్టుకుని చూశాను. జింజర్ అనే గుర్రం లండన్‌లో అద్దెబండి లాగి లాగి చిక్కిపోవడం, తర్వాత ఓ బండి మీద వెళ్తున్న గుర్రం శవం చూసి అది జింజరేనని బ్యూటీ అనుకోవడం, ఆ భాగం మొత్తం ఎగిరిపోయింది. మీ పుస్తకంలో జింజర్ కాసేపు ఉంటుంది, ఆ తర్వాత ఊసే ఉండదు. “జింజర్ ఏమైందమ్మా?” అని మా పెద్దమ్మాయి అడిగితే నేను గుర్తున్నంత మేరకు చెప్పుకోవాల్సి వచ్చింది. గుర్రం తల దించనివ్వకుండా బిగించి కట్టే పగ్గం మీద సీవెల్ ఎంత కోపంగా రాసిందో చదివినవాళ్లకు తెలుసు. అదీ ఒక్క వాక్యంలో తేల్చేశారు. గుర్రాలను దయగా చూడండని చెప్పడానికే ఆవిడ ఆ పుస్తకం రాసింది మరి.

1865 నాటి ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’కు జాన్ టెన్నియెల్ వేసిన బొమ్మలు 42. మీ దాంట్లో ఒక్కటీ లేదు. వాటి బదులు ఏవో కంప్యూటర్ బొమ్మలు, ఒకదాంట్లో ఆలిస్ చేతికి ఆరు వేళ్లు! ఎలుక చెప్పే కథను తోకలా వంకర్లు తిప్పి, పోనుపోను అక్షరాలు చిన్నవి చేస్తూ అచ్చు వేయాలి. మీరు మామూలు పేరాలా వేసేశారు. పిల్లలు పగలబడి నవ్వే పేజీ అది.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, “చిన్నపిల్లలకు ఇంత చాలు మేడమ్, మిగతాది స్కూల్లో చెప్తారు కదా” అన్నారు. మా పిల్లలు స్కూలుకు వెళ్లరు. ఇంట్లోనే చదువుకుంటారు, తర్వాత ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాస్తారు. నేను ఒక అధ్యాయం పైకి చదువుతాను, వాళ్లు విని తమ మాటల్లో తిరిగి చెప్తారు. బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పేరు మీద షార్లెట్ మేసన్ పద్ధతి అంటారు దీన్ని, హోమ్‌స్కూలింగ్ చేసే చాలా ఇళ్లలో ఇదే నడుస్తుంది. అసలు వాక్యాల్లోని పొడుగూ మెలికా చెవిన పడితేనే పిల్లలకు ఆ భాష పట్టుబడుతుంది. ‘గుర్రం బాధపడింది. తర్వాత వెళ్లిపోయింది.’ అన్నట్టుండే వాక్యాలు విని వాళ్లు తిరిగి చెప్పడానికి ఏముంటుంది?

కుదించడమే తప్పని నేను అనను. అలాంటివి కావాలనుకునే ఇళ్లూ ఉంటాయి. అయితే ఆ మాట అట్ట మీద వేయాలి. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. సీవెల్ 1878లో, ‘ఆలిస్’ రాసిన లూయిస్ కారల్ 1898లో, టెన్నియెల్ 1914లో చనిపోయారు. పాఠానికీ బొమ్మలకూ మీరు ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఆదా అయ్యేదల్లా కాగితం ఖర్చే.

ఇక వాపసు సంగతి. ప్లాస్టిక్ కవర్ చించాను కాబట్టి తీసుకోరట. చించకుండా లోపల ఎన్ని అధ్యాయాలున్నాయో ఎలా తెలుస్తుందండీ? ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది.

కొరియర్ ఛార్జీతో సహా నా డబ్బు తిరిగివ్వండి, పుస్తకాలను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. వెబ్‌సైట్‌లో ‘కంప్లీట్’, ‘అనబ్రిడ్జ్‌డ్’ మాటలు తీసేసి ‘సంక్షిప్తం’ అని పెట్టండి. అవే నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, రెండు పుస్తకాల విషయసూచిక ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు
హైదరాబాద్